లావు పిల్లకు రక్తం లేదంట

జమ్మలమడుగులో మా వీధివాళ్లకు నేను కనపడితే ఒకటే మాట. అయ్యవారి కూతురికేం, పుష్టిగా ఉంది అనేవాళ్లు. మా నాన్న చర్చి వెనకాల ఉన్న చిన్న బడిలో లెక్కలు చెప్పే అయ్యవారు. అమ్మ ఇంట్లో జాకెట్లు కుట్టేది. నేను ఆరో తరగతి నుంచే లావు. నాకు కొత్త బట్టలు కుట్టాల్సి వచ్చినప్పుడల్లా అమ్మ కొలత తీసుకుని, టేపు చివర చూసి నిట్టూర్చేది. వీధివాళ్ల మాటకన్నా ఆ నిట్టూర్పుకే నాకు ఒళ్లు మండేది.

ఎమ్మెస్సీకి ప్రొద్దుటూరులో సీటు వచ్చింది. యూనివర్సిటీ కింద నడిచే కాలేజీ అది. ఆవరణలోనే ఆడపిల్లల హాస్టలు, గదికి ఇద్దరు. నా గదిలో వేసింది ఒక పులివెందుల పిల్లను. వాళ్లకు అరటితోట ఉంది, ఇద్దరు అన్నలున్నారు, ఆమె కబడ్డీ ఆడుతుంది. ఇవేవీ ఆమె నాకు చెప్పలేదు. ఎవరితోనో ఫోనులో మాట్లాడుతుంటే విన్నాను. నాతో అన్న మొదటి మాట వేరే. నేను మంచం మీద కూర్చోబోతుంటే గుమ్మంలో నిలబడి, "మెల్లగా కూర్చో. అది ఇరిగితే ఇంకోటి ఇయ్యరు ఈడ," అంది.

నేనూ ఊరుకోలేదు. నువ్వు పడుకున్నా మంచానికి తెలియదులే అన్నాను. అప్పటినుంచి ఆమె నన్ను బస్తా అని పిలిచింది. నేను ఆమెను పుల్ల అన్నాను. మొదట్లో పక్క గదులవాళ్లు విని నవ్వేవాళ్లు. కొన్నాళ్లకు వాళ్లకు విసుగొచ్చింది. మాకు రాలేదు.

మెస్సులో పొద్దున ఉప్మా, లేదంటే బొరుగుల ఉగ్గాని. మధ్యాహ్నం తెల్లన్నం, నీళ్ల సాంబారు. రాత్రికి అదే అన్నం, మజ్జిగ. కూర చేసిన రోజు అందులో ఆలుగడ్డ తప్ప ఇంకోటి తగిలేది కాదు. ఆదివారం ఒక కోడిగుడ్డు. ఇంట్లో అమ్మ చుక్కకూరో, చింతచిగురో పప్పులో వేసేది. ఇక్కడ ఆకు అన్నది కరివేపాకు ఒక్కటే. అన్నం మీద అన్నం పెట్టుకుని తినేవాళ్లం. సాయంత్రానికి మళ్లీ ఆకలేసేది. గేటు బయట బండి దగ్గర బజ్జీలు, బన్ను, టీ. నేను అన్నం తిన్న వెంటనే కూడా టీ తాగేదాన్ని. తాగకపోతే కళ్లు తెరవలేకపోయేదాన్ని.

నెలసరి వచ్చిందంటే నాకు వారం దాటినా ఆగేది కాదు. అమ్మకు చెబితే మనింట్లో ఆడోళ్లందరికీ అంతే అంది. ఆమె కుట్టు మిషను తొక్కుతూనే చెప్పింది. నేను ఆ మాట ఇంక ఎవరి దగ్గరా ఎత్తలేదు.

వానలు మొదలయ్యేసరికి నాకు పచ్చిబియ్యం మీదికి మనసు పోసాగింది. క్లాసులో కూర్చున్నా అదే ధ్యాస. పళ్ల మధ్య బియ్యం పటపటమంటే తప్ప నోరు ఊరుకునేది కాదు. వంటింటి పక్కన సామాన్ల గది ఉండేది. వంటామె బియ్యం కొలిచి పోసేటప్పుడు మాట కలిపి, ఒక పిడికెడు చున్నీ కొంగున ముడేసుకుని వచ్చేదాన్ని. పచ్చిబియ్యం తింటే పెండ్లినాడు వాన కురుస్తుందని పక్క గది పిల్లలు ఎగతాళి చేశారు. నా గదిలో ఆమె మాత్రం అలా సరదాగా వదల్లేదు. వెళ్లి వార్డెనుతో చెప్పింది.

వార్డెను మా కాలేజీలోనే పాఠం చెప్పే మేడం. కోస్తా వైపు నుంచి వచ్చిన మనిషి. మా మాట ఆమెకు మోటుగా వినిపించేది. యాడికి అంటే ఎక్కడికి అని దిద్దేది. సన్నగా, నిటారుగా, నలగని చీరలో ఉండేది. మధ్యాహ్నం అందరూ తింటుంటే నన్ను హాలు మధ్యకు పిలిచి చున్నీ ముడి విప్పమంది. విప్పాను. బియ్యం నేల మీద జారింది.

"కంచం నిండా తిన్నది చాలక ఇది కూడానా?" అంది ఆమె. "ఆ ఒళ్లు ఊరికే వస్తుందా మరి?"

హాలంతా వినింది. ఒక్కో గింజా ఏరి బస్తాలో పోసి రమ్మంది. వంగి ఏరుతుంటే నాకు కళ్లు తిరిగాయి. నేల పట్టుకుని కాసేపు ఆగాను. లావు కదా, వంగలేకపోతోంది అని ఎవరో అన్నారు. అన్నదెవరో తల ఎత్తి చూడకుండానే నాకు తెలుసు.

దసరా సెలవులకు ముందు మెస్సు హాల్లోనే వైద్య శిబిరం పెట్టారు. ముందు బరువు చూసేవాళ్లు, తర్వాత వేలికి సూది గుచ్చి రక్తం చూసే నర్సు, చివర బల్ల దగ్గర ఒక పెద్దవయసు డాక్టరు. గదుల వరుసలో పిలిచారు కాబట్టి మేమిద్దరం ఒకరి వెనక ఒకరం నిలబడాల్సి వచ్చింది. బరువు చూసే మనిషి అంకెను హాలంతా వినపడేలా చదువుతున్నాడు. ఆమెది నలభై మూడు. నాది ఎనభై ఆరు.

"నాలాంటోళ్లు ఇద్దరైతే ఒక బస్తా," అంది ఆమె వెనక్కి తిరిగి. వరుసంతా నవ్వింది. బరువు చూసే మనిషి కూడా నవ్వాడు.

రక్తం చూసిన నర్సు ఆమె కార్డు మీద పన్నెండున్నర, నా కార్డు మీద ఏడు వేసింది. ఇద్దరం డాక్టరు ముందుకు వెళ్లాం. ఆయన కార్డులు చూశాడు, ఆమెను చూశాడు, నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. తర్వాత నర్సును కేకేశాడు. "ఏమ్మా, ఈ రెండూ తారుమారు చేసినావు. ఈ పుల్లలాంటి పిల్లకు పన్నెండున్నర, ఈమెకు ఏడా? మనిషిని చూస్తే తెలీదా?"

వరుస ప్రకారమే గుచ్చానని నర్సు అంది. మళ్లీ గుచ్చమంటారా అని అడిగింది. వరుస తలుపు దాటి వరండాలోకి పోయి ఉంది. ఆయన అక్కర్లేదన్నాడు. రెండు అంకెలూ కొట్టేసి, ఆమె కార్డు మీద ఏడు, నా కార్డు మీద పన్నెండున్నర రాశాడు. ఆమెకు రక్తం మాత్రలు ఇచ్చాడు. నాకు అన్నం సగానికి తగ్గించమని, రోజూ నడవమని చెప్పాడు. ఆ క్షణాన నాక్కూడా ఆయన మాటే నిజమనిపించింది. ఇంత ఒళ్లు పెట్టుకుని రక్తం లేదంటే ఎవరు నమ్ముతారు? ఆమె ఏదో అనబోయినట్టు నోరు తెరిచింది, నా వైపు చూసింది, మూసుకుంది. అది నేను చూశాను. ఇంకో వెటకారం మింగిందనుకున్నాను.

సెలవుల తర్వాత వార్డెను మెస్సులో కొత్త పద్ధతి పెట్టింది. రక్తం తక్కువని తేలిన పిల్లలను పేరు పెట్టి పిలిచి రోజూ ఒక గుడ్డు, గ్లాసు పాలు, చెనిక్కాయ ఉండ ఇచ్చేవాళ్లు. బరువు ఎక్కువని తేలిన నలుగురికి వేరే బల్ల వేశారు. చేతులు కడిగే తొట్టి పక్కన, అందరూ ఎంగిలి చేత్తో దాటి పోయే చోట. మాకు ఒక గరిటె అన్నం, సాంబారు. ఆదివారం గుడ్డు కూడా మాకు లేదు. అది కొవ్వట. లావోళ్ల బల్ల అని దానికి పేరొచ్చింది. నాతో కూర్చున్న ముగ్గురిలో ఒకామె దువ్వూరు పిల్ల, కాస్త నోరున్నది. ఈ బల్ల ఎత్తి తొట్టిలో వెయ్యాల అని రోజూ అనేది. మిగతా ఇద్దరూ తల దించుకుని తిని పోయేవాళ్లు.

నా గదిలో ఆమె పాలగ్లాసు చేత్తో పట్టుకుని మా బల్ల పక్కనుంచే నడిచేది. కావాలనే నిదానంగా నడుస్తోందని నాకనిపించేది. మాత్రలు మాత్రం మింగేది కాదు, కిటికీలోంచి పారేసేది. చేదంట. నేను చూస్తూనే ఉన్నాను, నాకెందుకులే అనుకున్నాను.

తగ్గి చూపిస్తానని నాకు పంతం పట్టింది. వార్డెను మీద పంతం, ఆమె మీద పంతం. గరిటె అన్నంలో సగం వదిలేశాను. సాయంత్రం గ్రౌండులో నడిచాను. ఒక చుట్టు తిరిగేసరికి గుండె చెవుల్లో కొట్టుకునేది. దువ్వెనకు జుట్టు ఉండలుగా వచ్చేది. నాలుక నున్నగా అయి, కారం తగిలితే మండేది. నిజంగానే చిక్కాను. ఒక ఆదివారం ఇంటికి పోతే చర్చిలో ఒక్కొక్కరే వచ్చి చెయ్యి పట్టుకుని మెచ్చుకున్నారు. బాగా చిక్కినావు, తెల్లబడినావు, మొగంలో కళొచ్చింది అన్నారు. అమ్మ పొంగిపోయింది. ఆ తెలుపు ఎక్కడినుంచి వచ్చిందో మాలో ఎవరికీ తోచలేదు. బెంచీ నుంచి లేవడానికి నేను ముందు వరుసను పట్టుకోవాల్సి వచ్చింది.

ఎండలు మొదలయ్యే రోజుల్లో పులివెందులలో ఒక కాలేజీవాళ్లు పోటీలు పెట్టారు. మా కాలేజీ నుంచి కబడ్డీ జట్టు వెళ్లింది, సెమినారు పోటీలో పేపరు చదవడానికి నేను వెళ్లాను. ఒకటే బస్సు. మాతో ఒక లెక్చరరు వచ్చాడు. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు లారీల వెనక బస్సు ఆగి ఆగి పోయింది. అప్పటికే నాకు నెలసరి వచ్చి చాలా రోజులైంది, ఇంకా ఆగలేదు. నేను చదవాల్సిన గది మూడో అంతస్తులో ఉంది. రెండో అంతస్తు మలుపు దాకా ఎక్కాను. అక్కడ గోడ నా వైపు వంగినట్టయింది. తర్వాత ఏమైందో నాకు తెలియదు.

కళ్లు తెరిచేసరికి మెట్ల మీదే ఉన్నాను. లెక్చరరు ఎండదెబ్బ అంటున్నాడు. ఇంకెవరో తిండి మానేసి డైటింగు చేస్తోంది సార్ అన్నారు. నలుగురు కలిసి మోయలేక మోసి ఆటోలో వేశారు. ఊరు తెలిసిన మనిషి కావాలని కబడ్డీ ఆట మధ్యలోంచి ఆమెను పిలిపించారు. నా మీద కోపంతోనే ఎక్కింది. దారి పొడుగునా ఆటోవాడికి మలుపులు చెబుతూ కూర్చుంది.

సర్కారు ఆసుపత్రిలో ఒక చిన్నవయసు డాక్టరమ్మ నా కింది రెప్ప లాగి చూసింది. గోళ్లు చూసింది. ఏమీ అడగకుండానే రక్తం తీయించింది. ఫలితం వచ్చాక నా మంచం పక్కన నిలబడి, ఐదున్నర ఉంది, నువ్వు ఇన్నాళ్లు మెట్లెట్లా ఎక్కినావు అని అడిగింది. దసరాకు ముందు పన్నెండున్నర అన్నారని చెప్పాను. ఎవరన్నారంది. శిబిరంలో జరిగింది చెప్పాను, కార్డులు మార్చింది కూడా. నెలసరి సంగతి అడిగింది. పచ్చిబియ్యం ఏమైనా తింటున్నావా అని ఆమే అడిగింది. రక్తం తగ్గినవాళ్లకు అట్లాంటి కోరికలు పుడతాయట. ఆ మాట విని నేను ఏడ్చాను. ఆ హాల్లో గింజలు ఏరినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది.

"లావు వేరు, రక్తం వేరు," అంది డాక్టరమ్మ. "రక్తం లేదని ఒళ్లు చూసి చెప్పేటట్టుంటే ఈ సూదులు ఎందుకు మాకు?"

రక్తం ఎక్కించాలన్నారు. ఇచ్చేవాళ్లు కావాలన్నారు. లెక్చరరు వెంటనే నా రూమ్మేటును ముందుకు తోశాడు. ఈ పిల్లదీ అదే గ్రూపు, కాలేజీ ఐడీ కార్డులో ఉంది అన్నాడు. డాక్టరమ్మ ఆమెను బరువు అడిగి, నలభై మూడు అని విని, నీది తీసుకోకూడదు పో అంది. పుల్లకు ఆ రోజు మొహం మాడిపోయింది. నా ఒంట్లో అంత నీరసంలోనూ అది చూసి నాకు తృప్తి కలిగింది. నాన్న ముద్దనూరు మీదుగా బస్సులో వచ్చి ఒక సీసా ఇచ్చాడు. ఇంకోటి ఆసుపత్రిలోనే సర్దారు.

మరునాడు మధ్యాహ్నం నా రూమ్మేటు వాళ్లమ్మ వెంట వచ్చింది. ఆమె ఇష్టంతో రాలేదని తెలుస్తూనే ఉంది, వాళ్లమ్మే లాక్కొచ్చింది. వాళ్లమ్మ ఎండకు కమిలిన మనిషి. క్యారియర్లో సంగటి, తలకాయ కూర తెచ్చింది. నాన్న బయట మందులకు పోయాడు. వాళ్లమ్మ నా పక్కన స్టూలు మీద కూర్చుని చెయ్యి నిమిరింది.

"మా పాపకు గూడా రక్తం లేదంట గదమ్మా," అంది. "మీ మేడం ఫోన్ చేసి చెప్పింది. ఏడే ఉందంట. ఆనాటినుంచి దీనికి రక్తం పట్టాలని శనివారాలు ఒక్కపొద్దు ఉంటాండా. నీ మాదిరి ఇదీ యాడ పడిపోతాదో అని నా కండ్లకు నిద్ర ల్యా."

నేను మంచం అవతల నిలబడ్డ ఆమె కూతురిని చూశాను. ఆమె నా కళ్లలోకి చూసి, చిన్నగా తల అడ్డంగా ఆడించింది. వద్దని. ఏడాది పొడుగునా నన్ను ఒక్క మాట అడగని మనిషి, అప్పుడు అడిగింది. నేను ఆగలేదు.

"మీ పాపకు రక్తం బాగుందమ్మా," అన్నాను. "ఆ ఏడు నాది. డాక్టరు కార్డులు మార్చి రాసినాడు. మీ పాప ఆడనే ఉంది."

వాళ్లమ్మకు మొదట అర్థం కాలేదు. రెండోసారి చెప్పాను. అప్పుడు ఆమె కూతురి వైపు తిరిగింది.

"నీకు తెల్సా?"

"అనుమానమే. నాకేం నీరసం ల్యా. దినామూ ఆడతాంటి."

"అనుమానముంటే నోరు పెగల్లేదా నీకు?"

ఆమె గోడకేసి చూసింది. వాళ్లమ్మ లేచి చెంప మీద కొట్టింది. వార్డులో పక్క మంచాలవాళ్లు లేచి కూర్చున్నారు. ఆమె కన్నీళ్లు పెట్టుకోలేదు. చాలా నిదానంగా మాట్లాడింది.

"ఇంట్లో పాలు అన్నోళ్లకు. గుడ్లు అన్నోళ్లకు. ఎప్పుడన్నా అడిగితే ఆడపిల్లకు ఎందుకే అంటాంటివి. హాస్టల్లో పేరు పెట్టి పిల్చి పెట్టినారు. తిన్యాను."

వాళ్లమ్మ స్టూలు మీద కూలబడింది. తర్వాత నా వైపు చూసి, నా బిడ్డ నీ నోటికాడి కూడు తినిందమ్మా అంది. క్యారియరు గిన్నెలు విప్పి నా ముందు పెట్టింది. నేను తినలేదు. నాన్న వస్తే తింటానని అబద్ధం చెప్పాను. వాళ్లు వెళ్లాక ఆ కూర పక్క మంచం ముసలామెకు ఇచ్చేశాను. ఆ రోజు ఆ తల్లీకూతుళ్ల మధ్య నేను పెట్టిన చిచ్చుకు నాకేమీ బాధ లేదు. పాలూ గుడ్లూ అన్నోళ్లకని కూతురు చెప్పిన మాట మాత్రం చెవిలో ఉండిపోయింది. అది నిజమని తెలుసు. నిజమైనంత మాత్రాన నాకు కోపం తగ్గలేదు.

జమ్మలమడుగులో కొన్నాళ్లు ఉన్నాను. థైరాయిడు ఉందని పరీక్షల్లో తేలింది. లావుకూ, నెలసరి ఆగకపోవడానికీ అదొక కారణమట. మాత్రలు రాసిచ్చారు. అన్నంతో పాటు టీ తాగొద్దన్నారు. అమ్మ రోజూ ఆకుకూర వండింది. ఒక రోజు కంచం ముందు కూర్చుని, నేను ఆనాడే నిన్ను ఆసుపత్రికి తీసకపోయి ఉంటే అంది. ఔను, పోయి ఉండాల్సింది అన్నాను. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లింది. ఓదార్చాలనిపించలేదు.

తిరిగి హాస్టలుకు పోయేటప్పుడు నాన్న వెంట వచ్చాడు. వార్డెను మమ్మల్ని కూర్చోమనలేదు. నాన్న గొంతు పెంచే మనిషి కాదు. జరిగింది మెల్లగా చెప్పాడు. కార్డులు మార్చిన సంగతి, బియ్యం తినడం జబ్బు గుర్తని డాక్టరమ్మ అన్న సంగతి. మిగతా ముగ్గురికి కూడా ఒకసారి రక్తం చూపించండి మేడం అని అడిగాడు.

"డాక్టరు ఏం రాశారో నేను అదే చేశాను," అంది వార్డెను. "మీ అమ్మాయి బియ్యం దొంగతనం చేసినప్పుడు నేను మీకు ఫిర్యాదు కూడా చెయ్యలేదు. అందుకు మీరు సంతోషించాలి."

నాన్న చేతిసంచీ భుజానికి మార్చుకున్నాడు. "దొంగతనం అనొద్దు మేడం. నా బిడ్డ చావు దగ్గరికి పోయొచ్చింది," అన్నాడు. ఆయన ఒక పెద్దమనిషికి ఎదురు చెప్పడం నా జీవితంలో నేను విన్నది అదొక్కసారే. వార్డెను గడియారం చూసుకుని క్లాసు ఉందని లేచింది. గది మార్చమని నేనడిగితే ఖాళీ లేదంది. ఇష్టం లేకపోతే ఇల్లు ఉంది కదా అంది.

ఆ శనివారం నేను లావోళ్ల బల్ల ముగ్గురినీ వెంటబెట్టుకుని బజారులో ఒక రక్తపరీక్షల దుకాణానికి పోయాను. ఇద్దరు రామన్నారు. దువ్వూరు పిల్ల వాళ్ల రెక్కలు పట్టుకుని లాక్కొచ్చింది. ఒకామెకు బాగానే ఉంది. దువ్వూరు పిల్లకు, ఇంకొకామెకు తొమ్మిది కూడా లేదు. ఆ కాగితాలు తీసుకుని మధ్యాహ్నం భోజనాల వేళ మెస్సుకు వచ్చాం. వార్డెను పర్యవేక్షణకు నిలబడి ఉంది. కాగితాలు ఆమె చేతికిచ్చాను. చూసి మడిచి, ఆఫీసులో మాట్లాడదాం అంది.

"ఈడనే మాట్లాడదాం మేడం," అన్నాను. "నా కొంగు ముడి ఈడనే విప్పించినారు గదా."

హాల్లో కంచాల చప్పుడు ఆగిపోయింది. ఆమె మొహం ఎర్రబడింది. నువ్వు పిల్లలను రెచ్చగొడుతున్నావు, ప్రిన్సిపాలుకు చెబుతానంది. చెప్పమన్నాను. దువ్వూరు పిల్ల ముందుకు కదిలింది. కంచం తీసుకుని పోయి రోజూ అందరూ కూర్చునే బల్ల దగ్గర కూర్చుంది. మేమూ పోయి కూర్చున్నాం. వడ్డించేవాడు వార్డెను వైపు చూశాడు. ఆమె బయటికి వెళ్లిపోయింది. వాడు మాకు అన్నం పెట్టాడు.

ప్రిన్సిపాలు మమ్మల్ని పిలిచి ముందు తిట్టాడు. క్రమశిక్షణ అన్నాడు, కాలేజీ పేరు అన్నాడు. కాగితాలు చూశాక కాస్త తగ్గాడు. మరో వారానికి మళ్లీ శిబిరం పెట్టించారు. ఈసారి అందరికీ గుచ్చారు, ఎవరి అంకె వాళ్ల ముందే రాశారు. లావు, సన్నం అని లేకుండా చాలామందికి తక్కువే వచ్చింది. తొట్టి పక్క బల్ల ఎప్పుడు తీశారో తెలియదు, ఒకరోజు అక్కడ లేదు. వారంలో మూడు రోజులు అందరికీ గుడ్డు మొదలైంది. తప్పు జరిగిందని ఎవరూ అనలేదు. వార్డెను ఆ తర్వాత నాతో మాట్లాడాల్సి వస్తే పక్కనున్న పిల్లతో చెప్పించేది. ఆమె చెప్పే సబ్జెక్టులో నాకు ఇంటర్నల్సుకు వేసిన మార్కులు చూస్తే ఆమె నన్ను మరిచిపోలేదని తెలిసేది.

గదిలో మేమిద్దరం మళ్లీ ఒకరికొకరం ఎదురుగానే పడుకున్నాం. బస్తా, పుల్ల అన్న మాటలు ఆగిపోయాయి. ఏ మాటా లేదు. వాళ్లమ్మ నెలకోసారి తోట నుంచి అరటిగెలతో పాటు ఉడకబెట్టిన గుడ్లు తెచ్చి, ఇద్దరికీ అని చెప్పి పోయేది. ఆమె నా వాటా నా బల్ల మీద పెట్టేది. నేను దాన్ని తీసుకుపోయి దువ్వూరు పిల్లకు ఇచ్చేదాన్ని. ఆమె చూసేది, మళ్లీ నెల మళ్లీ పెట్టేది. ఒకసారి పుస్తకంలోంచి తల ఎత్తకుండా, "తింటే నీ కోపమేం తక్కువ కాదులే," అంది. ఆ మాట నిజమే, కానీ నాకు తినబుద్ధి కాలేదు.

రెండో సంవత్సరంలో గదులు మారాయి. ఆమె పై అంతస్తుకు పోయింది. మెట్ల మీద ఎదురైతే గోడవైపు ఒదిగి దారి ఇచ్చేది, నేను రెండో వైపు చూస్తూ దాటేదాన్ని. చివరి పరీక్ష అయిపోయిన రోజు గేటు దగ్గర వాళ్ల అన్న బండి మీద వచ్చి నిలబడ్డాడు. ఆమె పెట్టె ఎక్కిస్తూ నన్ను చూసింది. ఆమె బాగా ఒళ్లు చేసిందని అప్పుడే గమనించాను. చెంపలు నిండాయి. ఏదో అంటుందనుకుని ఆగాను. ఆమె కూడా నేను ఏదో అంటానని ఆగినట్టుంది. వాళ్ల అన్న హారను కొట్టాడు. ఆమె ఎక్కింది, బండి ఎర్రగుంట్ల రోడ్డు వైపు తిరిగింది. నేను లోపలికి పోయి, పైన గది ఖాళీ చేస్తున్న దువ్వూరు పిల్లకు పరుపు చుట్టడానికి సాయం పట్టాను.